నిలబడ్డవాళ్లు గట్టిగా పట్టుకోండి

చిరంజీవి నట్టుకి,

మీ డ్రైవరు బావ ముందు ఆశీర్వదించి, ఆ వెంటనే కోప్పడుతూ రాస్తున్న ఉత్తరం.

ఏరా బావమరిదీ, చిన్నప్పుడు కనిపించిన గడియారమల్లా విప్పేసేవాడివని నీకు నట్టు అని పేరు పెట్టాం. పెద్దయ్యాక రిమోటుతో నడిపే బొమ్మ కార్ల షాపులో మెకానిక్కువయ్యావంటే మురిసిపోయాం. ఆ మురిపెంతోనే నువ్వు బిగించిచ్చిన బుల్లి రేసు కారు తీసుకున్నాను. తిన్నగా పొమ్మంటే బాణంలా పోతుంది, కాదనను. మలుపు దగ్గరే దాని అసలు రంగు బయటపడుతుంది. రిమోటు మీద చక్రం ఎంత తిప్పినా, ముందు చక్రాలు తిరుగుతాయి గానీ కారు తిరగదురా! తన దారిన తాను పోయి చెక్క గోడని ఢీ కొడుతుంది. మొన్నటి రేసులో ఆ చప్పుడికి పిల్లలు చెవులు మూసుకున్నారు.

మా క్లబ్బు కార్యదర్శి ఎవరో తెలుసుగా? మా వియ్యంకుడు, పళ్ల డాక్టరు. ఆయన కారు కూడా మాతోపాటే రేసులో ఉంటుంది. వరసగా మూడు రేసుల్లో ఆఖరున వచ్చినవాణ్ణి రిమోటు పట్టుకునే వేదిక మీదనుంచి దింపేసి, ట్రాకు పక్కన బోల్తాపడ్డ కార్లు తిరగేసే పనికి పెడతారట. నేను రెండుసార్లు ఆఖరున వచ్చేశాను. "బావగారూ, మీకు కింద మంచి కుర్చీ వేయిస్తాలెండి" అన్నాడు, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ. 

గుండె ఆపరేషనయ్యాక బస్సు ముట్టుకోవద్దన్నారు కదా. అంత లావు స్టీరింగు పట్టిన చేతులకి చివరికి మిగిలింది సీసా మూతంత చక్రం. అది కూడా లాగేసుకుంటే నేనింక ఇంట్లో కూర్చుని ఫ్యాను తిరగడం చూసుకోవాలి. ఏం చెయ్యాలో వివరంగా రాయి. ఫోన్లో చెప్పకు, పెట్టేసేలోపే మర్చిపోతాను. కాగితమైతే కారు పక్కన పెట్టుకుని చదువుకుంటాను.

ఇట్లు,
నీ మీద ఇంకా కాస్త నమ్మకమున్న
బావ

తా.క. తమ్ముడూ, నేనురా, అక్కని. ఆయన కవరు అంటించేలోపు రాసేస్తున్నా. రేసు మొదలయ్యే ముందు ఈయన జేబులోంచి ఈల తీసి రెండుసార్లు ఊదారు. ఇదేం పనండీ అంటే, "కండక్టరు లేడుగా" అన్నారు. నేను గొడుగు అడ్డం పెట్టుకున్నా.

*

బావగారి పాదాలకి నమస్కరించి నట్టు రాస్తున్నది.

మీ ఉత్తరం చదివి షాపులోనే కుర్చీలో కూలబడ్డాను. నా చేత్తో బిగించిన కారు మలుపు తిరగలేదా! మా ఓనరు "ఎవరు పోయారు?" అని అడిగాడు. నా పరువు అని చెప్పాను.

కంగారుపడకండి. మన కారుకి తోసేవి వెనక రెండు చక్రాలే. ముందు చక్రాల మీద బరువు చాలకపోతే అవి నేలని పట్టవు, కారు తిన్నగా జారిపోతుంది. కాబట్టి మొదట బ్యాటరీని వీలైనంత ముందుకి జరపండి. తర్వాత ముందు టైర్లు మెత్తగా ఉండాలి. గట్టి టైర్లు మట్టిని పట్టుకోవు. ఈ రెండూ చేసి చూడండి, కారు మీ మాట వినకపోతే నా పేరు మార్చండి.

ఇట్లు,
మీ
నట్టు

తా.క. అక్కా, ఈల సంగతి చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. ఇలాంటివి ఇంకా రాయి.

*

చిరంజీవి నట్టుకి బావ ఆశీస్సులు, అర్ధాకలితో.

బ్యాటరీ ముందుకి జరిపాను. టైర్లు మెత్తగా ఉండాలన్నావు కదా, గంటసేపు ఉడకబెట్టాను. మెత్తబడ్డాయి. ఎంత మెత్తబడ్డాయంటే, మొదటి మలుపులోనే కుడి టైరు ఊడిపోయి మా డాక్టరు వియ్యంకుడి షూ మీద పడింది. ఆయన దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, అచ్చం నా పన్ను పీకినప్పటిలాగే ఎత్తి జనానికి చూపించాడు. నా ప్రాణం చచ్చిపోయింది. ఇది సాధన మాత్రమే కాబట్టి బతికిపోయాను. అసలు రేసుకి ఇంకా నెల రోజులుంది.

సరిగ్గా చెప్పవయ్యా బాబూ!

ఇట్లు,
టైర్లు లేని
బావ

తా.క. తమ్ముడూ, ఉడకబెట్టింది నా పాలగిన్నెలో! అందుకే ఈయనకి సగం అన్నమే పెడుతున్నా. మూత తీసి చూసి కెవ్వుమన్నాను. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి, తొంగి చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఇప్పుడు వీధిలో నన్ను చూస్తే జాలిగా తల ఊపుతోంది. అన్నట్టు, ఇంకో విడ్డూరం. మలుపు వచ్చినప్పుడల్లా ఈయన వేదిక మీదనుంచి "నిలబడ్డవాళ్లు గట్టిగా పట్టుకోండి" అంటున్నారు. మొన్న పక్కనున్న పెద్దమనిషి నిజంగానే కమ్మీ పట్టుకున్నాడు.

*

బావగారికి రెండు చేతులూ జోడించి నట్టు నమస్కారాలు.

టైర్లు ఉడకబెట్టారా? ఉడకబెట్టారా బావగారూ? మెత్తటి రబ్బరుతో చేసిన టైర్లు వేరే దొరుకుతాయండీ! తప్పు నాదే, ఆ ముక్క రాయలేదు. ఈ ఉత్తరంతోపాటు ఒక జత పంపిస్తున్నాను. దయచేసి వాటిని పొయ్యి దగ్గరికి తీసుకెళ్లకండి.

ఇంకొకటి చెయ్యాలి. కారు ముక్కు దగ్గర, బంపరు వెనకాల, కొంచెం బరువు అతికించాలి. చిన్న ముక్కలో ఎక్కువ బరువుండాలి, లేకపోతే చక్రానికి అడ్డం పడుతుంది. మా షాపులో ఇత్తడి ముక్కలు అయిపోయాయి, సరుకు రాగానే పంపిస్తాను. అప్పటిదాకా సాధనకి ఇంట్లో ఏదైనా చిన్న లోహం ముక్క పెట్టుకోండి. రేసు రోజుకి మాత్రం ఇత్తడే ఉండాలి, అన్ని క్లబ్బుల్లోనూ అదే నిబంధన. ఇంకే లోహమున్నా కారుని పోటీలోంచి తీసేస్తారు, ఆఖరున వచ్చినట్టే లెక్క.

ఇట్లు,
మీ
నట్టు

తా.క. అక్కా, పాలగిన్నె కొత్తది నేను కొనిస్తాను. పట్టుకోండి పట్టుకోండి అని అరవడం మాత్రం భలే! షాపులో అందరికీ చదివి వినిపించాను.

*

చిరంజీవి నట్టుకి,

బావ ఆశీస్సులు. చిన్న ముక్కలో ఎక్కువ బరువు అన్నావు. ఇల్లంతా గాలించాను. మేకులు తేలిక. తాళంచెవి పొడుగు. అప్పుడు అద్దంలో చూసుకుంటే నోట్లోనే దొరికింది. నా బంగారు పన్ను! పైన తొడిగిన తొడుగు ఎలాగూ నెల రోజులుగా ఊగుతోంది. ఒక్క లాగు లాగాను, వచ్చేసింది. గట్టి జిగురుతో బంపరు వెనక అతికించాను. చక్కగా అతుక్కుపోయింది.

ఆ పన్నుకో కథ ఉందిలే. అది తొడిగింది మా వియ్యంకుడే. అప్పటికింకా వియ్యంకుడు కాడు. నన్ను కుర్చీలో పడుకోబెట్టి, నోట్లో రెండు చేతులు పెట్టి, "మా అమ్మాయిని మీవాడికిస్తాం, ఏమంటారు?" అని అడిగాడు. నోరు తెరిచి ఉన్నవాడు ఏమంటాడు? "ఆ" అన్నాను. సంబంధం కుదిరిపోయింది. కోడలు మాత్రం బంగారం. ఆ పన్ను ఉన్నా ఊడినా నాకు బాధ లేదు.

ఇంత త్యాగం చేసినా, నట్టూ, కారు ఇంకా మలుపులో బయటికే పోతోంది! నాకేం పాలుపోవడం లేదు. రాత్రి నిద్దట్లో కూడా ఆ చెక్క గోడే. నన్ను కిందకి దింపేస్తారు, చూస్తూ ఉండు.

ఇట్లు,
పన్ను పోయినా ఫలితం దక్కని
బావ

తా.క. తమ్ముడూ, ఆ పంటి సందులోంచి ఇప్పుడు మాటలతోపాటు గాలి కూడా వస్తోంది, ఇంక ఈల అక్కర్లేదు. ఇంకోమాట. నిన్న ఆయన నీళ్లు తాగడానికి వెళ్తే రిమోటు నేను తీసుకున్నా. కారు గోడ మీదకి దూసుకుపోతుంటే హడలిపోయి వేగం పెంచే మీట వదిలేశా. అది చటుక్కున మలుపు తిరిగింది! ఆయన చూసి "అలా తూలిస్తావేం, మనుషులా పశువులా?" అని నన్ను కేకలేశారు. ఏ మనుషులురా?

*

బావగారూ!

నమస్కారం తర్వాత పెట్టుకుంటాను, ముందు ఇది చదవండి.

దాన్లో జనం లేరు బావగారూ!

అక్క మొదటి ఉత్తరంనుంచీ చెబుతూనే ఉంది. మతిలేనివాణ్ణి, నవ్వుకుని షాపంతా చదివి వినిపించాను గానీ ఆలోచించలేదు. మీరు బుల్లి కారు నడపడం లేదు, బస్సు నడుపుతున్నారు. మలుపుకి ముందు బయటికి పోతున్నారు, వెనక పొడుగు బస్సు ఉందన్నట్టు. మీటని మెల్లమెల్లగా వదులుతున్నారు, లోపల ఎవరో నిలబడి ఉన్నారన్నట్టు. మీరు పూర్తిగా వదిలేసరికి మలుపు దాటిపోయి గోడ వచ్చేస్తోంది.

మీట నొక్కి ఉన్నంతసేపు బరువంతా వెనక్కి పోతుంది, ముందు చక్రాలు తేలిపోతాయి. మలుపుకి ముందు చటుక్కున వదిలెయ్యండి. కారు ముక్కు కిందికి వంగుతుంది, బరువు ముందుకి తూలుతుంది, అప్పుడు చక్రాలు నేలని కరుచుకుంటాయి. అప్పుడు తిప్పండి. కారు తిరిగాక మళ్లీ నొక్కండి. తూలాలి బావగారూ, తూలడమే కావాలి! 

ఆ పన్ను మాత్రం తీసెయ్యండి. బంగారం పెట్టుకుని రేసుకి వెళ్తే కారుని తీసేస్తారు. ఇత్తడి ముక్క పంపిస్తున్నాను.

ఇట్లు,
కాళ్లావేళ్లా పడుతున్న
నట్టు

తా.క. అక్కా, ఇకమీదట కారు గురించి నీకు తోచింది తోచినట్టు ముందే రాయి. ఉత్తరం అడుగున కాదు, పైన.

*

చిరంజీవి నట్టుకి,

బావ మనసారా ఆశీర్వదించి రాస్తున్నది. కూర్చుని చదువు.

నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. జనం లేరు! ఆ మాట నాకు తోచనే లేదురా. నా బస్సులో నిలబడ్డ ముసలమ్మ చేతిలో నీళ్ల గ్లాసు తొణికేది కాదు. ఆ పేరు కోసమే బతికాను. ఇప్పుడు తూలించమంటావు! చెయ్యి రాలేదు. పెరట్లో ఒక్కణ్ణే కూర్చుని "ఎవరూ లేరు, ఎవరూ లేరు" అనుకుంటూ మీట వదలడం నేర్చుకున్నాను.

నువ్వు పంపిన ఇత్తడి ముక్క అందింది గానీ పన్ను ఊడి రాలేదు. కత్తి విరిగింది, జిగురు విరగలేదు. ఏదైతే అదైందని అలాగే వెళ్లాను.

మొదటి మలుపు. చటుక్కున వదిలాను. ఎవరో పడిపోయారని వెనక్కి తిరిగి చూశాను కూడా! ఎవరూ లేరు. కారు మాత్రం వెన్నలో కత్తిలా తిరిగిపోయింది. ఇంక ఆగానా? మా వియ్యంకుణ్ణి లోపలివైపునుంచి దాటేశాను. మూడో స్థానంలో వచ్చానురా! ఆనందంతో కళ్లు మసకబారాయి.

ఆయన ఊరుకుంటాడా? "ఆఖరున వచ్చేవాడు ఒక్కసారిగా మూడో స్థానమా? పైడొప్ప తీసి చూపించండి" అన్నాడు. తీశాను. బంపరు వెనక నా పన్ను తళతళలాడింది. జనమంతా మెడలు చాచి చూశారు. 

"ఇదేం లోహం?" అన్నాడు ఆయన.

అబద్ధం ఎందుకాడాలి? "బంగారం. మీరు తొడిగిందే" అన్నాను.

"బంగారమైతే నిబంధనలకి విరుద్ధం. కారు పోటీలో లేదు. క్షమించండి బావగారూ" అంటూ నా రిమోటు కోసం చెయ్యి చాపాడు. ఇచ్చేశాను. నా చేతులు ఒక్కసారిగా ఖాళీ అయిపోయాయి.

అప్పుడు మీ అక్క వచ్చింది. నాకు ఓదార్పుగా ఏదో చెబుతుందనుకుంటే, వియ్యంకుడితో, "పోన్లెండి అన్నయ్యగారూ, ఎలాగూ ఇంక కారుకి అక్కర్లేదుగా. మీ దగ్గర పట్టకారు ఉంటే అది పీకి ఇవ్వండి. రేపు కంసాలి దగ్గర కరిగించి చెవులకి దిద్దులు చేయించుకుంటా" అంది.

నువ్వు ఆ మొహం చూడాల్సింది! కంసాలి అన్న మాట వినగానే పాలిపోయింది. వంగి పన్నుని ఒకవైపునుంచి చూశాడు, ఇంకోవైపునుంచి చూశాడు. చివరికి, చెమట తుడుచుకుంటూ, గొంతు తగ్గించి అన్నాడు: "దగ్గరగా చూస్తే... ఇది ఇత్తడేనండీ. కారుకి అభ్యంతరం లేదు." 

ఇత్తడి! ఇన్నేళ్లూ నా నోట్లో ఉన్నది ఇత్తడి! అందుకేనట్రా పుల్లనిది ఏం తిన్నా చిలుము వాసన వేసేది? జనం గుసగుసలు మొదలుపెట్టారు. వాళ్లలో ఆయన దగ్గర పన్ను కట్టించుకున్నవాళ్లు నాలికలతో తడుముకోవడం నేను కళ్లారా చూశాను. 

నాకు కోపం రావాలి కదా? రాలేదు. అది నిజంగా బంగారమే అయ్యుంటే నేను ఈపాటికి బోల్తాపడ్డ కార్లు తిరగేస్తూ ఉండేవాణ్ణి. ఆయన చేతిలోంచి నా రిమోటు నేనే తీసుకున్నాను. వేదిక మీద నా చోటు నాకుంది. 

ఇట్లు,
జనం లేని బండికి డ్రైవరు,
మీ బావ

తా.క. తమ్ముడూ, కిందే రాస్తున్నా, పైన ఆయన చోటివ్వలేదు. కంసాలి మాట ఏదో కనిపెట్టి అన్నాననుకుంటున్నారు అందరూ. నాకేం తెలుసురా, నిజంగానే దిద్దుల మీద ఆశపడ్డాను! కోడలు వాళ్ల నాన్నతో మాట్లాడటం మానేసింది, ఆయన అసలు బంగారంతో కొత్త పన్ను ఉచితంగా తొడుగుతానని ఇంటికొచ్చి బతిమాలుతున్నాడు. మీ బావ వద్దంటే వద్దంటున్నారు. ఎందుకో మొన్న సాధనలో తెలిసింది. మలుపు దగ్గరికి రాగానే ఈయన వియ్యంకుడి వైపు తిరిగి, ఆ సందు కనిపించేలా నోరారా నవ్వుతారు. అంతే, ఆయన కారు తిన్నగా పోయి చెక్క గోడని కొడుతోంది.