వీధి తలుపుకి అంటించిన నోటీసు

అమ్మకు నమస్కరించి రాసేది. అందరం క్షేమమని మొదట రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. పిల్లలూ వాళ్ళ నాన్నా నిజంగానే బాగున్నారు. నీ మోకాలికి రోజూ కాపడం పెట్టించుకుంటున్నావా? చిన్న మావయ్య ఇంట్లో మొహమాటపడి పనులన్నీ నెత్తినేసుకుంటావు, నాకు తెలియదా!

అక్క సంగతి అడిగావు. మా ఇంట్లోనే ఉంది, రెండు పూటలా తింటోంది. ఊరికే కూర్చోలేక నా జాకెట్లన్నీ విప్పి మళ్ళీ చేత్తో కుడుతోంది. వద్దంటే వింటుందా? నీ కూతురు కదా.

పోలీసులు వచ్చారా, జైల్లో పెడతారా అని రాశావు. అలాంటిదేం లేదమ్మా. ఇది నేరం కిందికి రాదు. సందులోకి రేకుల షెడ్డు వేసుకుంది, నడిచే దారి ఇరుకైంది, పక్కవాళ్ళు ఫిర్యాదు చేశారు. నగరపాలక నిబంధన ప్రకారం షెడ్డు తీసేదాకా రోజుకింతని జరిమానా పడుతుంది. ఎవరూ అరవరు, ఎవరూ కొట్టరు. ఆటో మీటరులా తిరుగుతూ ఉంటుంది, అంతే. కట్టకపోతే ముందు సామాను, తర్వాత ఇల్లు. కుట్టుమిషన్లు మూడూ బండెక్కించారు. ఇంటికి సీలు వేశారు, ఇక వేలమే. నాలుగు మేకులు పీకితే పోయే రేకులమ్మా! గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది.

మరి అక్క ఎందుకు తీయలేదని అడిగావు. దానికి తెలియదు. మా ఆఫీసు పద్ధతి ఏమిటంటే, నోటీసు వీధి తలుపుకి అంటించి ఫోటో తీసుకుంటాం. ఫోటో ఉంటే కాగితం అందినట్టే లెక్క. బావ పోయాక అక్క ఆ తలుపుకి అడ్డంగా కటింగు బల్ల వేసుకుంది కదా. వచ్చేపోయేవాళ్ళంతా వెనక సందులోంచే. ఆ కాగితం ఎండకెండి, వానకు తడిసి ఊడిపోయింది.

విచారణలో అక్క, "అయ్యా, నాకు ఏ కాగితమూ అందలేదు," అంది. విచారణ చేసే అధికారి ఫోటో చూపించి, "ఈ తలుపు మీదేనా?" అన్నాడు. "మాదే," అంది. "అయితే అందినట్టే," అన్నాడు. పిలిచిన పావుగంటకే బయటికొచ్చేశాం.

"అదే ఆఫీసులో ఇన్‌స్పెక్టరువి, ఒక్క మాట సాయం చెయ్యలేకపోయావా?" అన్నావు. ఆ మాట దగ్గరే నీ ఉత్తరం మడిచి పెట్టేశాను. ఇవాళ మళ్ళీ తీశాను.

అమ్మా, ఆ వీధి నాదే. ఫిర్యాదు మొదట నా బల్ల మీదికే వచ్చింది. సొంతవాళ్ళది మనం చూడకూడదని, ఎప్పుడూ గళ్ళచొక్కా వేసుకొచ్చే ఆయనకి ఇచ్చేశాను. మా సెక్షన్లో రెండో ఇన్‌స్పెక్టరు ఆయన. నేనెంత నిక్కచ్చి మనిషినో అందరూ చూడాలని కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు. ఆయన తెచ్చిన ఫోటో, వీధి నాది కాబట్టి, సంతకానికి నా చేతికే వచ్చింది. ఆ తలుపు తెరవరని ఆయనకి తెలియదు. నాకు తెలుసు. సంతకం పెట్టాను.

అక్కకి చెబితే ఉద్యోగం పోతుందని భయం. బామ్మర్దికి ముందే చెప్పాడని పోయినేడు ఒకాయన్ని ఇంటికి పంపారు. తర్వాత ఎన్ని ఆదివారాలు అక్క దగ్గరికి వెళ్ళాను! ఆ రేకుల కిందే కూర్చుని టీ తాగాను. నోటీసు చూసే ఉంటుంది, నాతో చెప్పడానికి నామోషీ అనుకుంటా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది నాకు ఇంకో బిస్కెట్ ఇచ్చింది.

ఇంకా అప్పీలుకి దారి ఉంది. ఆ తలుపు వాడకంలో లేదని మా ఆఫీసు మనిషి ఎవరైనా రాసిస్తే జరిమానా కొట్టేస్తారు, ఇల్లు తిరిగొస్తుంది. ఆఫీసులో ఆ సంగతి తెలిసింది, రాసివ్వగలిగేది నేనొక్కదాన్నే. తెలిసీ సంతకం ఎలా పెట్టావని మర్నాడే నన్ను పంపేస్తారు. మీ అల్లుడికి ఇంకా పని దొరకలేదు. పిల్లల మొహాలు చూస్తే చెయ్యి కదలదు. అక్క మొహం మాత్రం చూడలేకపోతున్నాను, ఒకే ఇంట్లో ఉండి.

శనివారంతో గడువు అయిపోతుంది. ఈ ఉత్తరం నీకు సోమవారానికి గానీ అందదు. నువ్వు రాసిమ్మనడానికీ, వద్దనడానికీ వీల్లేకుండా చూసుకునే పోస్టు చేస్తున్నాను. నీ కూతురు అలాంటిదైపోయిందమ్మా.

ఇప్పుడే అక్క లోపలికొచ్చి, "అమ్మకేనా? నా మాటగా ఒక్క ముక్క రాయవే," అంది. పక్కనే నిలబడింది, చెప్పినట్టే రాస్తున్నాను. "చెల్లి ఉండబట్టి రోడ్డున పడకుండా బతికిపోయానమ్మా. సాయం చెయ్యలేదని దాన్నేమీ అనకు."

ఇట్లు,
నీ చిన్నకూతురు