తప్పు లెక్క నేనే రాసిన
ధర్మేందరన్నా,

అన్నం కుక్కర్ల ఉన్నది, పప్పు వేడి చేసుకో. మోటర్ వేసి ట్యాంకు నింపు.

నేను, నా దోస్తు రజని కలిసి సాగర్ బస్సుకు పోతున్నం. పొడుపులు విప్పుకుంట మనం ఎతికే ఆట డబ్బాలల్ల ఆఖరిది ఆట పెట్టినోళ్లు గాడనే దాచిన్రు.

పోయిన ఆదివారం పొడుపులన్నీ నేను విప్పితే, హుజూర్‌నగర్ డబ్బాల ఉన్న, దొరకవట్టినోళ్ల పేర్లు రాసే పుస్తకంల నీ పేరొక్కటే రాసుకున్నవ్. "చెల్లె టిఫిన్ మోసింది" అని దోస్తుల ముంగట నవ్వినవ్. అందుకే ఆఖరి డబ్బా జాగ చెప్పే పొడుపు లెక్క నా నోట్‌బుక్కుల కావాలనే తప్పు రాసిపెట్టిన. నువ్వది దొంగతనంగ సూసి, నిన్న దోస్తులందర్నీ త్రిపురారం పొలాలల్ల మోకాళ్ల దాక బురదల దింపినవ్. నాకు కడుపు నిండింది.

ఇయ్యాల అసలు డబ్బాల నా పేరే రాస్త. ఆ బురద ప్యాంటు నువ్వే ఉతుక్కో.

నాగరాణి

కాలికి గాజుపెంకు గుచ్చుకున్నదట గదా. దవాఖానకు పోయి సూది ఏపిచ్చుకో. సారీ మాత్రం చెప్ప.