లైకా నిద్ర

21 నవంబరు 2002, గురువారం

రాకెట్ల చరిత్ర చెప్పడానికి ఈ రోజు మళ్ళీ కొల్లేరు ఒడ్డున ఉన్న ఆ బడికి వెళ్ళాను. నేను మొదలుపెట్టకముందే హెడ్మిస్ట్రెస్ గారు ఏడో తరగతి గ్రేసీని లేపారు. శనివారం ఏలూరులో వక్తృత్వ పోటీకి వెళుతోందట. అంతరిక్షంలోకి పంపిన కుక్క లైకా గురించి నిరుడు నేను చెప్పిందంతా పొల్లుపోకుండా అప్పజెప్పింది: వారం రోజులు భూమి చుట్టూ తిరిగి, హాయిగా నిద్రలో కన్నుమూసిందని.

“మా నాయనమ్మ కూడా విందండీ. నిద్దర్లోనే పోయిందిగా, అదృష్టవంతురాలు అందండీ,” అని నవ్వింది.

నేను చప్పట్లు కొట్టాను.

లైకా వేడికి తాళలేక కొన్ని గంటల్లోనే చనిపోయిందని కిందటి నెలే పేపర్లో చదివాను. వారం అన్నది నేను చదివిన పాత పుస్తకాల తప్పు. వాటిలోనూ గాలి అయిపోయి చనిపోయిందనే ఉంది. పిల్లలు ఏడుస్తారని ఆ నిద్రను నేనే కల్పించాను. ఎన్ని బళ్ళలో చెప్పానో!

రేపు వెళ్ళి చెబితే కొత్త ప్రసంగం నేర్చుకోవడానికి గ్రేసీకి ఒక్క రోజే ఉంటుంది. చెప్పకపోతే నా అబద్ధం ఆ పిల్ల నోట హాలంతా వింటుంది. వెళ్ళక తప్పదు. కానీ, “అయితే మేడమ్ గారూ, మిగతావైనా నిజమేనాండీ?” అని అడిగిందంటే, వెంటనే అవునని అనగలనా...