నలభై ఒకటో ట్యూబు

అమ్మా,

లేచి తిరుగుతూనే ఉన్నాను, కంగారుపడకుండా చదువు. నాలుగు నెలలుగా నెలసరి రాలేదని పోయిన వారం మా ల్యాబులోనే రక్తం ఇచ్చాను. ఇక్కడ ట్యూబుల మీద పేర్లుండవు, నంబర్లే. నిన్న నలభై ఒకటో ట్యూబు రిపోర్టు రాస్తూ, "పాపం ఎవరో, మగ హార్మోను ఇంతుంది, ఒంట్లో వాపు కూడా ఉంది" అన్నాను. పక్క బల్ల దగ్గరి అక్క రిజిస్టరు చూసి, "అది నీదేనే" అంది. కింద సంతకం కూడా నాదే.

డాక్టరమ్మ స్కాను చేసి పీసీఓఎస్, అంటే అండాశయాల్లో వచ్చే జబ్బు, అంది. "పైకి కనపడని వాపు లోపల సన్నసెగలా ఉంటుంది. హార్మోన్ల తేడా, ఆ వాపూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. మందులున్నాయి. ఇది నీ బద్ధకం కాదమ్మా" అంది. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, ఒళ్లు రావడం, అన్నీ దీనివల్లేనట. పదేళ్లుగా నేను సబ్బులు మారుస్తున్నాను.

చెల్లిని తిండిపోతు అనడం మానెయ్. దానికీ గడ్డం కింద మొదలైంది, నేను చూశాను. సెలవుల్లో పంపించు. నాన్న కళ్లజోడు బాగుచేయించారా?

ఇది తల్లి నుంచి కూడా రావచ్చట. నేను కడుపున పడటానికి నీకు ఏడేళ్లు పట్టింది, ఆ ఏడేళ్లూ ఇంట్లో మాటలు పడ్డావు కదా. ఇలాంటివి పోస్టుకార్డు మీద రాస్తారా అని తిట్టకు. ఇంటికొచ్చిన కార్డు నానమ్మే ముందు చదువుతుందని తెలిసే రాశాను. ఆవిడకి నా నమస్కారాలు. దీన్ని నీ చేతికిచ్చేటప్పుడు ఏమందో రాయి.

నీ పెద్దది