అపూర్వ గర్గావూన్ సంచి

ఏమండీ,

ఉన్నట్టుండి డ్యూటీకి పిలిచారు. మీ ఫోన్ కలవడం లేదు. అపూర్వ పక్కింటి ఫాతిమా ఆంటీ దగ్గర ఉంది. ఇది మొత్తం చదివాకే దాన్ని బయటికి తీసుకెళ్లండి.

ఇవాళ గర్గావూన్, రంజాన్ నెల మధ్యలో ఇక్కడి అరబ్బు పిల్లలు చేసుకునే పండగ. అందరు పిల్లల్లా ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు తెచ్చుకుంటానని నెల నుంచి కలవరిస్తోంది. మాన్పించడం నా వల్ల కాలేదు. ప్రతి ఇంట్లోనూ దోసిళ్లతో పోసేది పల్లీలే. దానికి ఒక్క పల్లీ లోపలికెళ్లినా గొంతు మూసుకుపోతుంది. చెయ్యి వదలకండి. సంచి మీరే పట్టుకోండి. ఇంటికొచ్చాక అందులోవి ఇవ్వకుండా, ఫ్రిజ్ మీద డబ్బాలో నేను చేసిన మరమరాల ఉండలు ఇవ్వండి.

ఇంజెక్షన్ పెన్ను తలుపుకి తగిలించిన పసుపు పర్సులో ఉంది. కారులో వదిలేయకుండా జేబులో పెట్టుకోండి. పెదాలు ఉబ్బినా, దగ్గు మొదలైనా నాకు ఫోన్ చేస్తూ కూర్చోకండి. పెన్ను తొడకి పక్కగా గట్టిగా నొక్కి, పది లెక్కపెట్టి, వెంటనే అంబులెన్సుకి, 999కి చెయ్యండి.

పోయినేడు ఇదే పండక్కి పల్లీ తిని దద్దుర్లొస్తే, కొత్త గౌను జరీ గుచ్చుకుందని పౌడరు రాశారు. ఆ పౌడరు డబ్బా ఇంట్లో లేకుండా పారేశాను. మీకు దణ్ణం పెడతాను, ఈసారి అలా చెయ్యకండి.

కిరణ్మయి

తప్పు మీ ఒక్కరిదే కాదు. ఎవరు ఏది చేతిలో పెట్టినా ప్రసాదంలా కళ్లకద్దుకుని అక్కడే తినాలని నేర్పింది నేనే. ఇవాళ తినొద్దంటే, "దేవుడికి కోపం రాదా అమ్మా?" అంది. రాదన్నాను. నమ్మినట్టు లేదు. గుమ్మం దాటేముందు, రాదని మీరూ ఒకసారి చెప్పండి.