ఈరప్ప భార్య తిమ్మమ్మ

కెలవరపల్లి,
19 జూన్ 2005, ఆదివారం.

హోసూరులో ఉన్న పెద్దమామ శ్రీరంగప్ప గారికి కోడలు రేణు నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద. రాయబోతే చేయి రాలేదు. మీరు మాత్రం బాగానే ఉంటారు. అవ్వ చేలో లేఔట్ రాళ్లు నాటించిన మనిషికి ఏం కొదవ?

మీరు మా ఇంటికి వచ్చినప్పుడల్లా నేను తలుపు వెనక నిలబడి, చెయ్యి మాత్రం చాచి కాఫీ ఇచ్చేదాన్ని. నా గొంతు మీరు విని ఉండరు. ఐదో తరగతి చదివినదాని రాత ఇది. అక్షరాల్లో తప్పులుంటే ఉండనీ, విషయంలో తప్పు లేదు.

మాఘమాసంలో కొత్త రేషన్ కార్డు వచ్చింది. కార్డంతా అరవం, తమిళ అక్షరాలు నేను కూడబలుక్కుని చదువుతాను. అవ్వ పేరు తిమ్మమ్మ, భర్త పేరు దాసప్ప అని ఉంది. మొదట నవ్వొచ్చింది. దాసప్ప మీ నాయన, మా ఈరప్ప తాతకు అన్న, అవ్వకు బావ. ఆయన ఎదురొస్తే అవ్వ పక్క సందులోకి తిరిగిపోయేదట. రేషన్ షాపాయనను అడిగితే, పాత కార్డులోనూ అట్లే ఉందమ్మా, నేనేం కొత్తగా కట్టినానా పెళ్లి అన్నాడు. అవ్వ రాగులు చెరుగుతూ, వదిలెయ్యే, ఏదో రాసుకోనీ అంది. చేట మాత్రం ఆగిపోయింది.

నేను వదల్లేదు. మా ఇంటాయన ఫ్యాక్టరీకి పోయాక బస్సెక్కి కృష్ణగిరికి మూడు సార్లు తిరిగాను. మాజీ సైనికుల ఆఫీసులో, మీ తాత పటాలం నెంబరు లేకుంటే యాడని వెతికేదమ్మా అన్నారు. భూమి కాగితాల నకలు కోసం అర్జీ పెట్టాను. మూడోసారికి 1962 నాటి విచారణ కాగితం చేతికొచ్చింది. బస్టాండులో కూర్చుని చదివాను. పటాలంలో పదహారేళ్లు చేసిన ఈరప్ప, సర్కారు ఇచ్చిన మూడెకరాల మెట్ట అనుభవిస్తూ చనిపోయాడు. పెళ్లి కాలేదు. వారసుడు అన్న దాసప్ప. ఆ ఇంట్లో ఉన్న తిమ్మమ్మ దాసప్పకు రెండో భార్య, నాలుగేళ్ల పిల్లవాడూ, అంటే మా ఇంటాయన నాయన, దాసప్ప కొడుకే. కింద అవ్వ వేలిముద్ర. పక్కన సాక్షి సంతకం మీది.

హోసూరు బస్సులు ముందు నుంచే పోతున్నా కోపంతో లేవలేకపోయాను.

ఇంటికొచ్చి చదివి వినిపిస్తే అప్పుడు చెప్పింది అవ్వ. తాత పోయి నెల కూడా కాలేదట. విచారణకు వచ్చినాయన అరుగు మీద మీ నాయన పక్కనే కూర్చున్నాడు. బావ ఎదుట నోరెత్తకూడదు, మొగుడి పేరు పలకకూడదు. మొగుడి పేరేమని అడిగితే పక్కనున్నవాళ్లు చెప్పడం మన ఇళ్లలో మామూలే కదా, తలుపు వెనక నుంచి మీ వైపు చూసిందట. మీకప్పుడు ఇరవై ఏళ్లు. నేను చెప్తాలే చిన్నమ్మా అని మీరు బయటికి పోయారట. మీరు మాట్లాడింది అరవం. అవ్వకు అరవం రాదు. ఈరప్ప, దాసప్ప, రెండు పేర్లూ వినబడ్డాయి, సరిగానే చెప్పినాడనుకుని ముద్ర వేసింది.

చేను సంగతి, అవ్వకు రాకుండా పోయిన పింఛను సంగతి అటుంచండి మామా. తల్లిలాంటి మనిషిని నలభై మూడేళ్లు కాగితంలో బావకు పెళ్లాంగా కూర్చోబెట్టడానికి మీకు మనసెట్లా వచ్చింది? ఏటా యుగాదికి ఆమెకు చీర పెట్టి కాళ్లు మొక్కేవారే, అప్పుడైనా సిగ్గనిపించలేదా?

పేరు సరిచేయమని నేను పెట్టిన అర్జీ మీద మొన్న గురువారం కృష్ణగిరిలో విచారణ. అవ్వను తీసుకుపోయాను. ఆఫీసరమ్మ మొగుడి పేరు అడిగింది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూసింది. ఎంత బతిమాలినా పలకలేదు. సరే, నువ్వెవరు అని నన్నడిగితే, మనవడి పెళ్లాన్ని అన్నాను. మనవడి పేరు? నా నోరు పడిపోయింది. వెనక ఎవరో, ఇంటిల్లిపాదీ మూగోళ్లేనా ఏంది అన్నారు. నేనూ అదే తలుపు వెనక నిలబడి ఉన్నానని అప్పుడు తెలిసింది. శివరాజ్ అని అరిచాను. వరండాలో వాళ్లు తిరిగి చూశారు. అవ్వ నన్ను గిల్లి, సిగ్గులేనిదానా, మెల్లగా చెప్పరాదా అంది.

తర్వాత తాత పటాలం డిశ్చార్జి పుస్తకం బల్ల మీద పెట్టాను. చెదలు తినేసినాయప్పా అని మా ఇంటాయనకు మీరు చెప్పిన పుస్తకమే. చెదలు దాని అట్ట కూడా ముట్టలేదు. భార్య తిమ్మమ్మ అని ఇంగ్లీషులో ఉందని ఆఫీసరమ్మ చదివింది. అవ్వ ఆ అక్షరాల మీద వేలుంచి, ఇంకోసారి చదువమ్మా అంది.

ఈ నెల 30న మిమ్మల్ని రమ్మన్నారు. నోటీసు వస్తుంది. వచ్చి అవ్వ ఎదుట నిలబడి, ఆ రోజు చెప్పకుండా మింగిన పేరు చెప్పండి. రాళ్లు మీరు పీకిస్తారా, నన్ను పీకమంటారా, అదీ చెప్పండి. ఆ రోజు నేను తలుపు వెనక ఉండను.

ఇట్లు,
ఈరప్ప మనవడు శివరాజ్ భార్య,
రేణు

తా.క. పుస్తకం నాకెట్లా దొరికిందని ఇల్లంతా వెతుకుతూ ఉంటారు. మీ ట్రంకు పెట్టె తాళంచెవి ఎవరి నడుముకు ఉంది మామా? కల్లావిలో చెల్లెలింటికి పోతానని మీతో చెప్పి, చెన్నమ్మ అత్త మాతో కృష్ణగిరికి వచ్చింది. 1962 కాగితం చూపించి ఈ సాక్షి ఎవరు అని ఆఫీసరమ్మ అడిగితే, లేచి, నా మొగుడమ్మా, శ్రీరంగప్ప, అబద్ధం చెప్పింది ఈయనే, రాసుకో అంది. పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లలో మీ పేరు ఆమె నోట రావడం అదే మొదలట. ఇప్పుడు మా ముంగిట్లో అవ్వ పక్కన కూర్చుని రాగులు చెరుగుతోంది. మీరు ఆ పేరు చెప్పేదాకా ఇంటికి రాదట.