కళ్ళు పెట్టని చేపలు

రేవు,
నవంబరు 2001, సోమవారం

నాన్నగారికి మీ ఉమామహేశ్వరి నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నేను "బాగానే" అని రాశానంటే లోపల ఏదో ఉందని మీకు తెలిసిపోతుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించకండి. వింటే, ఇకమీదట నేను నందిగాం వచ్చి వెళ్ళిన ప్రతిసారీ వంటింట్లో గిన్నెలన్నీ మళ్ళీ తోముతుంది.

నాన్నగారూ, నేను చేపలకు రంగులు వేస్తున్నాను. కంగారు పడకండి. నిజం చేపలు కావు, రబ్బరు చేపలు. పక్కింటి కామేశ్ తయారు చేస్తాడు. మీ అల్లుడుగారు ఈ ఊరి హైస్కూలుకు బదిలీ అయి వచ్చినప్పుడు మాకు ఇల్లు చూపించింది, లారీలోంచి సామాను దింపింది ఈ కామేశే. సముద్రం మీద బతికే మనిషి. విశాఖపట్నం రేవులో ఎవరో పారేసిన విదేశీ రబ్బరు చేప ఒకటి అతనికి దొరికింది. దాన్ని గాలానికి గుచ్చి పడవ వెనక తాడుతో లాగుతూ పోతే, పెద్ద చేప అది నిజం చేపే అనుకుని మింగుతుందట. అప్పటినుంచీ అతనికి అదే పిచ్చి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీశాడు. పాత మెత్తటి ప్లాస్టిక్ చెప్పులు ఊరంతా అడిగి పోగుచేశాడు. ఇసుకలో ఇటుకల పొయ్యి పెట్టి, వాటిని కరిగించి అచ్చులో పోస్తాడు. ఆ కంపు మా పెరటిదాకా వస్తుంది కానీ, చేప మాత్రం ముచ్చటగా వస్తుంది. తల పట్టుకుని ఊపితే తోక గిలగిలలాడుతుంది.

అయితే రంగు లేకపోతే అది కరిగిన చెప్పులాగే ఉంటుంది కదా. అతని భార్య మంగ మా వాకిట్లో ముగ్గు చూసి, "అమ్మగోరూ, మీ సెయ్యి సల్లగుండ, ఈటికి కూసింత రంగెయ్యరూ?" అంది. కాదనలేకపోయాను. అబద్ధం ఎందుకు, నాకే చేతులు దురద పెట్టాయి. మీ పక్కన కూర్చుని నంది వాహనానికి రంగులు దిద్దిన చేతులివి, పెళ్ళయ్యాక ముగ్గుపిండి తప్ప మరొకటి ముట్టలేదు. వీపుకు నీలం, పక్కలకు వెండిరంగు, పొట్టకు తెలుపు వేసి, పొలుసుకు పొలుసు విడిగా కనిపించేలా గోళ్ళరంగుతో సన్నగా గీశాను. కామేశ్ చూసి, "ఓలమ్మో, పులుసెట్టీవచ్చు!" అన్నాడు. చేప తినడం మాట అటుంచి, ఏ చేప పేరేమిటో కూడా ఎరగని నాకు ఆ మెప్పు ఎంత తీపిగా ఉందో, సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

ఇక అసలు సంగతి. వాటికి కళ్ళు పెట్టలేదు. పెట్టలేకపోయాను. కుంచె నల్లరంగులో ముంచి చేప తల దగ్గరికి తెచ్చేసరికి మీ మాట వినిపించింది. "కళ్ళు పెడితే ప్రాణం వస్తుందమ్మా, అది అందరూ చేసే పని కాదు." శివరాత్రికి నంది ఒళ్ళంతా నన్ను దిద్దనిచ్చి, కళ్ళు మాత్రం మీరు స్నానం చేసి, తలుపు దగ్గరగా వేసుకుని పెట్టేవారు. అలాంటిది నేను గోళ్ళరంగుతో ప్రాణం పోసి, ఆ ప్రాణాన్ని గాలానికి గుచ్చుకోమని ఇవ్వనా? "సేపకి కళ్ళేవమ్మగోరూ?" అని మంగ అడిగితే, "మంచిరోజు చూసి పెడతాలే" అనేశాను. పాపం, ఆ అమ్మాయి నిజమే అనుకుని తల ఊపింది.

ఆ మాట ఇప్పుడు మెడకు చుట్టుకుంది. కళ్ళు లేని చేపలను సముద్రంలో ఏదీ ముట్టడం లేదట. వాళ్ళు నాతో అనలేదు, మీ అల్లుడుగారు చెప్పారు. ఒడ్డు దగ్గర ఏమీ పడకపోయేసరికి కామేశ్ ఇంకా లోపలికి, బాగా దూరం పోతానంటున్నాడు. అందుకోసం పాత ఫైబరు తెప్పను మార్చేస్తున్నాడు. వెనకవైపు కోసి ఇంజను కూర్చునేలా చెక్క బిగించాడు, పక్క అంచులు జానెడు ఎత్తు పెంచాడు. ఆ అంచులు పెంచమన్నది మీ అల్లుడుగారే, ఫిజిక్సు పుస్తకం పట్టుకెళ్ళి మరీ చెప్పారు. ఎత్తు పెరిగితే గాలి పట్టి బోల్తా కొట్టేస్తుందని రేవులో పెద్దవాళ్ళు అంటున్నారు. ఎవరి మాట నిజమో నాకేం తెలుసు, అన్నం మాత్రం సహించడం లేదు. దానికి తోడు కామేశ్‌కు ఇంకో ముచ్చట. ఆ విదేశీ చేపకు ఉన్నట్టే తన తెప్ప ముందుభాగానికీ రెండు పెద్ద కళ్ళు కావాలట. "ఒడ్డుమీంచి సూత్తే మా మంగకి నా తెప్పని తెలిసిపోవాల" అంటాడు. దానికీ మంచిరోజే చెప్పాను.

ఇప్పుడు చెప్పండి నాన్నగారూ, పెట్టమంటారా, వద్దంటారా? వద్దంటే వాళ్ళకు ఆ ముక్క చెప్పి ఊరుకుంటాను. పెట్టమంటే ఒక్క పూటలో అన్నిటికీ పెట్టేస్తాను. కోప్పడినా పరవాలేదు, వెంటనే రాయండి.

మీ ఉమ

రేవు,
శుక్రవారం

నాన్నగారూ,

మీ జవాబు రాలేదు. ఈలోగా కామేశ్ వెళ్ళిపోయాడు.

నిన్న తెల్లవారగట్ల వెళ్ళాడు. తోడుగా మంగ తమ్ముడు పోలారావు. కళ్ళు పెట్టని తెప్ప, కళ్ళు పెట్టని చేపలు. మధ్యాహ్నం ఈశాన్యం నుంచి గాలి లేచింది. ఒక్కో పడవా తిరిగొస్తుంటే మంగ నీళ్ళలోకి దిగి మరీ చూసింది. అన్నీ వచ్చాయి. వాళ్ళది రాలేదు. గాలి మారగానే తామంతా తిరిగిపోయామని, కామేశ్ తమకంటే చాలా దూరంలో ఉన్నాడని వచ్చినవాళ్ళు చెప్పారు. ఇవాళ పొద్దున రెండు పడవలు వెతకడానికి వెళ్ళాయి.

రేవులో ఒకాయన నేను వింటుండగానే, "అంచులెత్తీసినారు కదేటి, మరి తెప్ప నిలబడదు" అన్నాడు. మీ అల్లుడుగారూ ఆ మాట విన్నారు. ఈ కాలంలో నీటి ఒరవడి దక్షిణానికి లాగుతుందని, అటు భావనపాడు దాకా ఊరూరా అడుగుతూ వెళ్ళారు. కాఫీ కూడా తాగలేదు. ఆ ఫిజిక్సు పుస్తకం బల్లమీదే ఉంది. దాన్ని చూడలేక బోర్లించాను.

నేను వెళ్ళి మంగ పక్కన కూర్చున్నాను. జరిగి కూర్చుంది. టీ ఇస్తే అందుకోలేదు. నా మొహం వంక ఒక్కసారైనా చూడలేదు నాన్నగారూ. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. రోజుకు పదిసార్లు "అమ్మగోరూ" అంటూ గోడమీంచి పిలిచే మనిషి, నన్ను చూసి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అనదు కానీ నాకు తెలియదా? నేను ఒక్క చుక్క నల్లరంగు పెట్టి ఉంటే ఒడ్డు దగ్గరే చేపలు పడేవి. అతను అంత దూరం పోయేవాడే కాదు.

అసలు నాకు కళ్ళు పెట్టడం ఎందుకు రాదు? ఇవాళ అడిగేస్తాను, మళ్ళీ ధైర్యం ఉండదు. నాకు పన్నెండేళ్ళప్పుడు, శివరాత్రి ముందు, మీరు స్నానానికి వెళ్ళిన సందులో నంది ఎడమకన్ను నేను పెట్టేశాను. మీరు తడిబట్టలతో వచ్చి చూశారు. చాలాసేపు చూశారు. తిట్టలేదు, కొట్టలేదు. కిరసనాయిలు గుడ్డ తీసుకుని తుడిచేశారు. అమ్మా, నీలకంఠం బాబాయీ చూస్తూనే ఉన్నారు. వంకరగా వచ్చిందా? ఆడపిల్ల పెట్టకూడదా? ఏదో ఒకటి చెప్పి ఉండాల్సింది. ఆ గుడ్డతో నా మొహమే తుడిచినట్టు ఇప్పటికీ ఉంటుంది. నల్లరంగు ముంచిన ప్రతిసారీ ఆ వాసన వస్తుంది. ఆరోజు మీరు నా చేయి పట్టుకుని కుడికన్ను కూడా పెట్టించి ఉంటే, ఇవాళ ఈ ఇద్దరు మగవాళ్ళు ఇంట్లో ఉండేవారు.

మీమీద చాలా కోపంగా ఉంది. ఇలా రాసినందుకు క్షమించమని ఇప్పుడు అడగను. వాళ్ళు వచ్చాక అడుగుతాను. వాళ్ళిద్దరి పేరునా గుడిలో అర్చన చేయండి. దీన్ని టెక్కలి బస్సు కండక్టరు చేతికి ఇచ్చి పంపుతున్నాను.

ఉమ

నందిగాం,
శనివారం

ఉమా, తల్లీ, ఆశీస్సులు.

నీ రెండు ఉత్తరాలూ ఒక్కరోజే అందాయి, ఒకటి పోస్టులో, ఒకటి మనిషి చేత. అమ్మకు వినిపించవద్దన్నావు. రెండోది చదువుతుండగా నా మొహం చూసి లాక్కుని, రెండూ తనే చదివింది. గిన్నెలు తోమలేదు. దేవుడి దగ్గర దీపం పెట్టి అక్కడే కూర్చుంది.

పొద్దున్నే కామేశ్ పేరునా, పోలారావు పేరునా అభిషేకం చేశాను. గోత్రం తెలియదు గనక కాశ్యప గోత్రం అని చెప్పాను. వాళ్ళెవరో శివుడికి తెలుసు.

కళ్ళ సంగతి. కళ్ళు దిద్దినంత మాత్రాన ప్రాణం రాదమ్మా. ప్రాణప్రతిష్ఠకు మంత్రాలు, తంతు వేరే ఉన్నాయి. చిన్నతనంలో నువ్వు రంగు ఆరకముందే నంది కళ్ళలో వేళ్ళు పెట్టేదానివి. నిన్ను దూరంగా ఉంచడానికి అన్న మాట అది. దాన్ని అత్తవారింటికి కూడా మోసుకువెళ్ళావని నాకేం తెలుసు? చేపలకు పెట్టు, పడవకు పెట్టు. మంచిరోజు అక్కర్లేదు.

ఇక ఆ తుడిచిన కన్ను. అది వంకరగా లేదు. నేను ఎటు జరిగితే అటు చూసింది. దానికి జతగా కుడికన్ను పెట్టాలి కదా, అలాంటిది నా చేతికి రాదని చూడగానే తెలిసిపోయింది. ఒకటి నీదీ ఒకటి నాదీ అయితే ఊళ్ళో తేడా కనిపెడతారు. అందుకని తుడిచి, రెండూ నా పద్ధతిలో పెట్టుకున్నాను. ఆ మాట నీతో అనడానికి నోరు రాలేదు.

మా నాన్నగారి నుంచి నాకు వచ్చిన కుంచె, కళ్ళకు తప్ప దేనికీ వాడనిది, దీనితో పంపుతున్నాను. కోపం ఉంచుకో, తప్పులేదు. ఆ మనుషులు రాగానే మాత్రం కబురు చెయ్యి. అమ్మ దీపం దగ్గరనుంచి లేవడం లేదు.

నాన్న

రేవు,
గురువారం

నాన్నగారికీ అమ్మకీ,

వచ్చారు! ఇద్దరూ వచ్చారు! కబురు శనివారం సాయంత్రమే కండక్టరుతో అందింది కదా, అమ్మ లేచి భోజనం చేసిందనే అనుకుంటున్నాను. వివరంగా ఇప్పుడు రాస్తున్నాను.

ఇంజనులోకి నీళ్ళు పోయి ఆగిపోయిందట. గాలీ నీటి ఒరవడీ కలిసి దక్షిణానికి లాక్కుపోయాయి. భావనపాడు అవతల ఒడ్డుకు కొట్టుకొస్తే, ఆ ఒడ్డున ఎవరున్నారనుకున్నారు? మీ అల్లుడుగారే. పెదాలు పగిలి, కళ్ళు గుంటలు పడి, కామేశ్ ఇసుకలో కూలబడి మొదట అన్న మాట, "మేస్టారూ, మీ జానెడే మమ్మల్ని బతికించినాది" అని. కెరటం కెరటానికీ నీళ్ళు అంచుదాకా వచ్చి వెనక్కి పోయేవట. అప్పటినుంచి మీ అల్లుడుగారి కాళ్ళు నేలమీద లేవు. బోర్లించిన పుస్తకం మళ్ళీ లేచింది.

మర్నాడు మంగ పెరటి గుమ్మంలోకి వచ్చి, నేను చూసేలోపు నా కాళ్ళ మీద పడిపోయింది. "నాను పాపం సేసినానమ్మగోరూ! మీరు మంచిరోజు సూసి కళ్ళెడతానంటే ఆగనేకపోనాను. నా కాటుక తీసి సేపలన్నిటికీ నానే ఎట్టీసినాను. అందుకే గంగమ్మకి కోపమొచ్చినాది" అని ఒకటే ఏడుపు. వెనకాలే వచ్చిన కామేశ్ నవ్వుతూ నిలబడ్డాడు. "గంగమ్మకేటి కోపం? కళ్ళెట్టినాక కోనాం సేపలు ఒకదానెనకాల ఒకటి పడిపోనాయమ్మగోరూ. గాలి మారినాది, పోదారి బావా అని పోలిగోడు మొత్తుకుంటన్నాడు. నానే ఇంకొక్కటి, ఇంకొక్కటి అని ఉండిపోనాను" అన్నాడు.

చూశారా నాన్నగారూ. కళ్ళు లేక కాదు, ఉండబట్టే అతను అక్కడ ఆగిపోయాడు. నేను పెట్టనందుకు నేనూ, పెట్టినందుకు మంగా, ఒకే ఇసుకలో కూర్చుని ఎవరికి వాళ్ళం చచ్చిపోయాం. "మరి నా మొహం ఎందుకు చూడలేదే?" అంటే, "ఏ మొకం ఎట్టుకుని సూడను?" అంది. మంచిరోజు మాట నేను కల్పించిందేనని అప్పుడు ఒప్పుకున్నాను. "ఎంత భయపెట్టీసినారమ్మగోరూ!" అని నా చేతిమీద ఒక్కటి వేసింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మా ఆయన అటు తిరిగి పుస్తకం చదువుతున్నట్టు నటించారు.

మీ ఉత్తరం, కుంచె సోమవారం అందాయి. ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్కపెట్టలేదు. మీమీద కోపం పోయిందని రాయలేను, కొంచెం ఉంది. కానీ క్షమించమని అడుగుతానని మాట ఇచ్చాను కాబట్టి అడుగుతున్నాను.

తెప్పను మన రేవుకు తెచ్చారు. ఇంజను పలాసలో బాగుచేయిస్తున్నారు. నిన్న పొద్దున తలంటుకుని వెళ్ళి, మంగ రంగు డబ్బా పట్టుకుని నిలబడితే, తెప్పకు కన్ను పెట్టాను. కంటి గుండ్రం పెద్ద కుంచెతో వేసి, కనుపాప చుట్టూ సన్నటి అంచు మాత్రం తాతగారి కుంచెతో దిద్దాను. బాగానే వచ్చింది. మంగ అటు నడిచి, ఇటు నడిచి చూసి, "ఎటెల్తే అటే సూత్తంది!" అని అరిచింది.

ఎడమకన్ను ఒక్కటే పెట్టాను నాన్నగారూ. కుడికన్ను మీకోసం ఉంచాను. ఒంటికన్ను తెప్పతో సముద్రం మీదకి పోనని కామేశ్ భీష్మించుకు కూర్చున్నాడు. "నాన్నగోరు ఎప్పుడొత్తారు?" అని పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి అడుగుతున్నాడు. ఇంజను వచ్చేలోగా అమ్మను తీసుకుని రండి. జత కుదరకపోతే కుదరకపోనివ్వండి, ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. కిరసనాయిలు గుడ్డ మాత్రం తేవద్దు.

మీ ఉమ